రెండోసారి పారే నీళ్లు

నేను ఏలేరు ఎడమ కాలువను. ఏలేశ్వరం దగ్గర జలాశయంలో బయలుదేరి, మెట్ట భూముల మీదుగా 153 కిలోమీటర్లు నడిచి విశాఖపట్నం చేరతాను. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్ర జనం వీధుల్లోకి వచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది. కొలిమికి నీళ్లెక్కడివని వెతికినవాళ్లు అప్పటి తూర్పుగోదావరి జిల్లా వైపు చూశారు. నా పుట్టుకకు కారణం అదే. అందుకే నా నీళ్లలో పెద్ద వాటా ఫ్యాక్టరీలకీ పట్నం కుళాయిలకీ పోతుంది.

గోదావరి డెల్టా కాలువలు నాకు అక్కలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వాళ్ల వైభవం మొదలైంది. సార్వా, దాళ్వా పంటలకు నీళ్లు మోసి మోసి వాళ్లకు తెలిసిన విద్య ఒకటుంది. పై పొలంలోంచి జారిన నీరు మురుగు కాలువలో పడితే, శివారు రైతు ఇంజన్ పెట్టి దాన్నే తోడుకుని తన చేను తడుపుకుంటాడు. రైస్ మిల్లులోనూ అంతే. ఊక బాయిలర్‌లో మండుతుంది, తవుడు నూనె మిల్లుకు పోతుంది, నూనె తీశాక మిగిలింది పశువుల దాణాలో కలుస్తుంది. వాడిన దాన్ని మళ్లీ వాడుకోవడం గోదావరి జిల్లాల్లో ఎవరూ ఉపన్యాసం చెప్పి నేర్పిన పని కాదు.

2017లో పురుషోత్తపట్నం ఎత్తిపోతల పథకం వచ్చాక నాకూ గోదావరితో చుట్టరికం కలిసింది. అక్కడ తోడిన నీటిలోంచి 1,400 క్యూసెక్కుల దాకా ఏలేరు జలాశయంలోకి ఎత్తిపోసేలా దాన్ని కట్టారు. అంటే నాలో పారే నీరు ఒక్కోసారి అక్కల ఇంటి నీరే. అందుకే విశాఖలో కొత్తగా పుట్టిన దాహం గురించి మాట్లాడే బాధ్యత నాకుంది.

2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతానని ప్రకటించింది. దానికి స్థలాలుగా తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు పత్రికలకెక్కాయి. మీ ఫోన్‌లోని ఫొటోలు, బ్యాంకు లెక్కలు, మీరడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ అలాంటి హాళ్లలో వరసగా నిలబడ్డ సర్వర్లలోనే ఉంటాయి. వాటిలోకి వెళ్లిన కరెంటు దాదాపు అంతా వేడిగా బయటికొస్తుంది. ఆ వేడిని తీసెయ్యడానికి చాలాచోట్ల కూలింగ్ టవర్లలో నీటిని ఆవిరి చేస్తారు.

నేను కాలువను కాబట్టి నాకు లెక్క క్యూసెక్కుల్లోనే అర్థమవుతుంది. డేటా సెంటర్లలో కిలోవాట్ గంటకు 1.8 లీటర్లని ఒక సగటు చెబుతారు. ఆ సగటున ఒక గిగావాట్ రోజంతా నడిస్తే 4.3 కోట్ల లీటర్లు, అంటే సుమారు 18 క్యూసెక్కులు. మోసే నాకు ఇది మోయలేని బరువేమీ కాదు. భయపెట్టడానికి నేనీ లెక్క చెప్పడం లేదు. కానీ 18 క్యూసెక్కులతో వెయ్యి ఎకరాల దాకా వరి పండుతుంది. పొలంలోంచి జారిన నీరు మురుగు కాలువకైనా చేరుతుంది. టవర్ మీద ఆవిరైన నీరు మళ్లీ నా గట్టెక్కదు. పైగా యంత్రాలకు దాహం ఎక్కువయ్యేది ఏప్రిల్, మే నెలల్లో, జలాశయం అడుగంటే రోజుల్లో.

ఆ హాళ్లు వద్దని నేననను. నా దగ్గరికి రాకముందు పట్నం వాడి వదిలేసిన నీటి దగ్గరికి వెళ్లమంటాను. పక్క రాష్ట్రంలో చెన్నై చేసింది అదే. కొడుంగైయూర్‌లో ఒకటి, కోయంబేడులో ఒకటి శుద్ధి కేంద్రాలు కట్టి, మురుగునీటిని పొరల వడపోతతో మంచి నీళ్లంత శుభ్రం చేసి, ఒక్కోదాని నుంచి రోజుకు 4.5 కోట్ల లీటర్లు పరిశ్రమలకు పంపేలా ఏర్పాటు చేసింది. నేను పైన వేసిన లెక్కకు అలాంటి కేంద్రం ఒక్కటి సరిపోతుంది! స్నానాలకీ గిన్నెలు కడగడానికీ ఒకసారి పనికొచ్చిన నీరు రెండోసారి యంత్రాలను చల్లబరుస్తుంది. మొదటిసారి వాడే నీరు మనిషికీ చేనుకీ మిగులుతుంది. టవర్లలో చివరికి మిగిలే ఉప్పు నీటిని మాత్రం ఏ గెడ్డలోకీ వదలకూడదు. అది గెడ్డను చంపేస్తుంది.

ఫిన్లాండ్‌లోని హమీనాలో గూగుల్ మూతపడ్డ కాగితం మిల్లును 2009లో కొని, ఆ మిల్లు సొరంగం గుండా వచ్చే సముద్రపు నీటితోనే సర్వర్లను చల్లబరుస్తోంది. పాత గోడలు, పాత సొరంగం, కొత్త పని. రాజమండ్రి కాగితం మిల్లును చూస్తూ పెరిగినవాళ్లకు ఇది వెంటనే తలకెక్కుతుంది. హమీనా సర్వర్ల వేడిని ఆ ఊరి ఇళ్లకు పంపుతామని 2024లో ప్రకటించారు. మన ఎండల్లో ఇళ్లకు వేడి ఎవరిక్కావాలి? ధాన్యానికి కావాలి. సార్వా కోతల వేళ తుపాను పట్టుకుంటే రైతు తడిసిన ధాన్యాన్ని రోడ్డు మీద పరిచి ఆకాశం వంక చూస్తాడు. సర్వర్ల నుంచి వచ్చే గాలి గోరువెచ్చనిదే, అన్నం ఉడికించలేదు. కానీ ధాన్యం ఆరబెట్టడానికి నలభై డిగ్రీల పొడి గాలి చాలు. హాలు పక్కనే ఆరబెట్టే షెడ్డు ఉంటే సరి. వేడి దూరం ప్రయాణించలేదు కాబట్టి ఆ షెడ్డుకు స్థలం మొదటి నక్షాలోనే కేటాయించాలి.

ఇంకొకటి కూడా అడుగుతాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక అని లంక గ్రామాల్లో పిల్లలకు కూడా తెలుసు. వరదల్లో ఎంత వచ్చింది, ఎంత వదిలారు అన్నది గంటగంటకూ చెబుతారు. డేటా సెంటర్ కూడా అలాగే రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయాలి: నిన్న ఎన్ని లీటర్లు తీసుకున్నాం, అందులో పట్నం వాడి వదిలిన నీరెంత, కాలువ నీరెంత, ఆవిరైంది ఎంత.