సమీక్షా వాక్యానికి గుణదల వ్యాఖ్య

అవతారిక: దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికి మల్లినాథ సూరి సంజీవని రాశాడు. మన పుస్తక సమీక్షకుడి వాక్కుకు ఇంతవరకూ వ్యాఖ్యే లేదు, మూర్ఛ పాఠకుడికే. కనుక గుణదల వాస్తవ్యుడనైన నేను పూనుకుంటున్నాను.

మూలం: "భవిష్యత్తుకు అద్దం పడుతూ మానవ సంబంధాలను హృద్యంగా ఆవిష్కరించిన ఈ నవల ప్రతి ఇంటా ఉండదగినది. అచ్చుతప్పుల విషయంలో మరికొంత శ్రద్ధ వహించాల్సింది."

టీక: ఈ నవల = ఏ నవలైనా. పాత సైన్స్ ఫిక్షన్ అనువాదానికీ, నిన్న ప్రెస్సులోంచి వచ్చిన కొత్త నవలకూ వాక్యం మార్చనక్కర్లేదు.

భవిష్యత్తుకు = ఇక్కడ కాస్త ఆగాలి. రేపటి కథ అనగానే సమీక్షకుడు "పాశ్చాత్య ప్రక్రియ" అనేసి ముందుకు పోతాడు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ఏం చేశాడు? కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. ఆ కథలోని కళాపూర్ణుడు అప్పటికింకా పుట్టనే లేదు. తర్వాత పుట్టి, రాజై, ఆ కథనే మధురలాలస అనే పసిబిడ్డ నోట వింటాడు. ఆ బిడ్డ పోయిన జన్మలో ఇదే కావ్యంలోని కలభాషిణి! మధ్యలో అసలు రంభ ఎదుట మాయరంభ, అసలు నలకూబరుడి ఎదుట మాయ నలకూబరుడు. ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడానికి నేను కాగితం మీద గీతలు గీసుకోవలసి వచ్చింది. కాలంలో ఇంత తిరుగుడుకి సూరన ఒక్క మరమేకు కూడా వాడలేదు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసి ఈ సూరననే పరీక్షకు పెట్టారు. మెచ్చినచోట మెచ్చారు, తప్పున్నదనుకున్నచోట మొహమాటం లేకుండా చెప్పారు. పండితులు మండిపడ్డారు. పడనీండి. ఆయన పుస్తకం చదివారు!

ఎక్కడున్నాం? ఆఁ, మూలం.

మానవ సంబంధాలను హృద్యంగా = వెల్స్ 1895లో అచ్చువేసిన 'ది టైమ్ మెషీన్'కు దీన్ని అన్వయించి చూద్దాం. 8,02,701వ సంవత్సరం. నేల మీద పని ఎరగని సుకుమారులు ఇలాయ్‌లు, నేల కింద యంత్రాల మధ్య మోర్లాక్‌లు. కిందివాళ్లు పైవాళ్లను తింటారు. సంబంధమైతే ఉంది, హృద్యమో కాదో తిన్నవాళ్లు చెప్పాలి. ఉన్నవాళ్లకూ పనివాళ్లకూ మధ్య ఎడం అన్నేళ్లు ముదిరితే ఏమవుతుందని వెల్స్ అడిగాడు. ఆ ప్రశ్నకు సమీక్షలో చోటు చాలదు, రచయిత డిగ్రీలకు చాలుతుంది.

కొత్త నవలకైతే అన్వయం ఇంకా సులువు. కథ అట్ట వెనక ఎంతుంటే సమీక్షలో అంతే ఉంటుంది. ఏళ్ల తరబడి కూర్చుని రాసిన మనిషి, ఆదివారం పేపరు తెరిచి, తన నడిమి ప్రకరణం నిలబడిందో కూలిందో ఒక్కరైనా చెబుతారేమోనని వెతుక్కుంటాడు. చెప్పరు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుకు ఆటోలో పోయి ఆ నవలకు మూడొందలు పెట్టాలా వద్దా అన్నది నా ప్రశ్న. అదీ చెప్పరు.

ప్రతి ఇంటా = సమీక్షకుడి ఇంట తప్ప. అక్కడికి ఉచితంగా వచ్చిందే సెకండ్‌హ్యాండ్ షాపులో, రచయిత సంతకంతో సహా, నాకు దొరికింది.

అచ్చుతప్పుల = సమీక్షకుడి ధైర్యమంతా ఇక్కడే. రచయిత నొచ్చుకోడు, డీటీపీ చేసిన కుర్రాడు సమీక్షలు చదవడు.

తాత్పర్యం: రెండు ప్రతులూ అందినవి.