ఏఆర్‌టీ మందులు పనిచేస్తున్నాయా? చెవిన పెట్టకూడని సలహాలు

"ఒళ్లు చేశావు, మొహంలో కళ వచ్చింది, ఇంకా ఆ రక్తపరీక్షలెందుకు?" హెచ్‌ఐవీకి మందులు (ఏఆర్‌టీ) వాడే వాళ్లకు ఇంట్లోవాళ్లే ప్రేమగా ఇచ్చే సలహా ఇది. నాకు అన్నిటికన్నా భయం దీంతోనే. మందులకు లొంగని వైరస్ ముందు రక్తంలో పెరుగుతుంది. తర్వాత సీడీ4, అంటే రోగనిరోధక కణాల సంఖ్య, తగ్గుతుంది. జ్వరాలు, విరేచనాలు, టీబీ వచ్చేది ఆఖరున. ఈలోగా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. అద్దంలో చూసుకుని తేల్చుకునేది కాదిది.

"సీడీ4 బాగుంది కదా, వైరల్ లోడ్ దేనికి?" ఇదీ వినొద్దు. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైన 2004 నుంచి చాలా ఏళ్లు సీడీ4 మీదే ఆధారపడ్డాం, వేరే దారి లేక. సీడీ4 లెక్క మందు ఓడిపోయిన సంగతిని ఆలస్యంగా చెబుతుంది, కొన్నిసార్లు అసలు చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే వైరల్ లోడ్‌కు మొదటి స్థానం ఇచ్చింది.

"వైరల్ లోడ్ వెయ్యి దాటిందా? అయితే ఆ మందు పోయినట్టే, మార్పించుకో." తొందరపడకండి. మందు సరిగ్గా పడుతోందో లేదో ముందు చూడాలి. కౌన్సెలింగ్ తర్వాత, మూడు నెలలు మందు సరిగ్గా వేసుకుని మళ్లీ పరీక్ష చేస్తే చాలామందికి దిగిపోతుంది. ఇప్పుడు ఎక్కువమంది వాడే బిళ్లలో డోల్యుటెగ్రావిర్ ఉంటుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ దాంతోపాటే తాగితే మందు ఒంటబట్టదు. సిరప్‌కు 2 గంటల ముందైనా, 6 గంటల తర్వాతైనా బిళ్ల వేసుకోవాలి. పరగడుపున ఐరన్, కాల్షియం బిళ్లలతోనూ ఇదే చిక్కు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోల్యుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు పడాలి. వేసుకునే ప్రతి మందూ ఏఆర్‌టీ సెంటర్లో చెప్పండి, మెడికల్ షాపులో కొన్న బిళ్లతో సహా.

"మందులు తెచ్చుకునే తేదీ వారం అటూ ఇటూ అయితే ఏం కొంప మునగదు." మునుగుతుంది. ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు దేశాల్లో జరిగి 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, మందులు తీసుకెళ్లిన తేదీలు మందు ఓడిపోయే ఆపదను సీడీ4 కన్నా మెరుగ్గా, ముందే పట్టిచ్చాయి. మందు తప్పే దారి ఇంకొకటి ఉంది: పెళ్లికి వెళ్తూ ఎవరైనా చూస్తారని సీసా ఇంట్లోనే వదిలేసేవాళ్లు ఎందరో. ఆ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. వెళ్లే రోజులకు సరిపడా బిళ్లలు లేబుల్ లేని చిన్న డబ్బీలో పెట్టుకెళ్లండి, మూత బిగుతుగా ఉండాలి. పనికోసం ఊరు మారుతుంటే ముందే సెంటర్లో చెప్పి, దగ్గర్లోని మరో సెంటరుకు రాయించుకోండి.