పెట్టె చేరిన దండు: సటీకా తాత్పర్యం

ఆ.వె.
రంగు వేసినాను రాత్రెల్ల మేల్కొని
పొద్దు పొడిచినంత పోరు పెట్టి
ఒక్క పాచికేసి యోడించె కూతురు
పెట్టె చేరె నాన్న పెద్ద దండు

ప్రతిపదార్థం

రాత్రెల్ల మేల్కొని = మర్నాడు ఆదివారం గనుక ధైర్యంగా మేలుకొని; రంగు = చిన్న సీసాల్లో దొరికే అక్రిలిక్ రంగును, సుమారు 28 మిల్లీమీటర్లుండే, అంటే బొటనవేలి మొదటి కణుపంత ఉండే, బొమ్మకు; వేసినాను = ముందు నల్ల ప్రైమరు కొట్టి, ఆరాక నీళ్ళు కలిపిన పల్చటి రంగు రెండు పూతలు పూసి, మడతల సందుల్లోకి చారులాంటి ముదురు రంగు జారవిడిచి, ఆఖరికి కుంచెను టిష్యూ మీద తుడిచి, రంగు ఉందా లేదా అన్నంత పొడిగా అంచుల మీద మాత్రమే రుద్దినాను. ఇంత పనినీ కవి ఒక్క క్రియలో ఇమిడ్చాడు. వంటింటి వ్యాఖ్య ఇంకా క్లుప్తం: “మళ్ళీ ఆ బొమ్మలతో కూర్చున్నారు.”

“రంగు త్రాగినాను” అని ఒక పాఠాంతరం ఉంది. కుంచె కడిగే గ్లాసూ కాఫీ గ్లాసూ పక్కపక్కనే ఉంటాయి కనుక దీన్ని తోసిపుచ్చలేం. యతి చెడదు, కడుపే చెడుతుంది.

పోరు పెట్టి = బొమ్మల దండులతో ఆడే యుద్ధపు ఆట కోసం, నలుగురు తినే బల్ల మీద దుప్పటి పరిచి, కింద పాఠ్యపుస్తకాలు దోపి కొండలు లేపి. ఆ పూట ఇడ్లీలు సోఫాలో తిన్నారని సంప్రదాయం.

పాచికేసి = పాచిక వేసి. వ్యాకరణం ఒప్పుకోదు. ఓడినవాడి సంధి ఇలాగే ఉంటుంది.

కూతురు = తొమ్మిదేళ్ళది. ఎచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ రాస్తూ, ఈ ఆట 12 నుంచి 150 ఏళ్ళ అబ్బాయిలకని, ఆపై దయతలచి కాస్త తెలివైన అమ్మాయిలకు కూడానని పుస్తకం పేరులోనే చేర్చాడు. ఈమె ఆ పుస్తకం చదవలేదు.

పెద్ద దండు = పన్నెండు బొమ్మలు. కవిసమయం. పెట్టె = మిఠాయి అట్టపెట్టె, అడుగున దూది.

తాత్పర్యం

నాన్న ఓడిపోయాడు.

విశేషాలు

“ఒక్క” అన్నచోట శ్లేష. ఆమె వేసిన పాచిక ఒక్కటే, ఆరు పడింది. దండనాయకుడి కవచం నిలవాలని కవి కూడా ఒకటి వేశాడు. ఒకటి తప్ప ఏది పడినా నాయకుడు బతికేవాడు. ఒకటే పడింది. ఈ రెండో పాచికను పద్యంలో దాచడం కవికి తగదు. కొత్తగా రంగు వేసిన బొమ్మ మొదటి ఆటలోనే పోతుందని ఈ ఆట ఆడేవాళ్ళందరికీ నమ్మకం. కానీ ఇక్కడ పోయిన నాయకుడికి రంగు వేసి ఆర్నెల్లయింది. మరి రాత్రెల్ల వేసిన రంగు దేనికి?

దేనికి వేశాడో చెప్పే పదం పద్యంలో లేదు. ఇది ఛందస్సు ఇబ్బంది కాదు.

ఈ ఆటలో తండ్రీబిడ్డల కథ పాతదే. ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుగారికి యుద్ధపు ఆట చూపిస్తే, దాన్ని దిద్ది 1824లో నియమాలు అచ్చువేసింది ఆయన కొడుకు. అక్కడ తండ్రి పనిని బిడ్డ దిద్దాడు. ఇక్కడ అది తిరగబడింది. కూతురు తన రౌతు గుర్రానికి సీసాలోంచి తీసిన గులాబీ రంగు తీసినట్టే పూసింది, గుర్రం కళ్ళు పూడిపోయేంత మందంగా. కవి అది చూడలేక, ఆమె నిద్రపోయాక, దాని మీద నల్ల ప్రైమరు కొట్టి గోధుమరంగు గుర్రాన్ని చేశాడు. చాలా బాగా కుదిరింది. జూలులో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

పొద్దున ఆమె గుర్రాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అనలేదు. బల్ల మీద దుప్పటి పరిచింది. కాబట్టి రెండో పాదంలోని “పోరు”కు యుద్ధం అన్న అర్థం ఒక్కటే చాలదు. లాక్షణికులు ఇక్కడ వీరరసమంటారు గానీ, ఎదురుగా కూర్చున్నవాడికి అది రౌద్రమని తెలిసింది.

గుర్రం ప్రస్తుతం గులాబీ రంగులోనే ఉంది. నీళ్ళు కలిపి, రెండు పల్చటి పూతలు. కవే వేశాడు. ఆమె దగ్గరుండి వేయించింది.