సిక్ లైన్లో గ్రైండరు

మా బావమరిది టెక్సాస్‌లో ఆదివారం పూట తూటాలు తయారుచేస్తాడు. కంగారు పడకండి, అక్కడ అది కాలక్షేపం కిందే లెక్క. అతని తెలుగు స్నేహితులు తీరిక దొరికితే కుండీలో కరివేపాకు మొక్కను చలి నుంచి కాపాడుకుంటూ ఉంటారు. ఇతను మాత్రం గ్యారేజీలో ఇనుప ప్రెస్సు ముందు కూర్చుంటాడు.

పని చూడటానికి భలే ముచ్చటగా ఉంటుంది. తూటా పేలాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. ఆ గొట్టాన్ని ఏరుకొచ్చి, ప్రెస్సులో నిలబెట్టి, పొడుగాటి పిడి కిందికి లాగితే అడుగున, మందును అంటించి కాలిపోయిన ప్రైమరు టక్కున ఊడి పడుతుంది. పేలినప్పటి ఒత్తిడికి ఉబ్బిన గొట్టం నొక్కుకుని మళ్లీ కొలతకొస్తుంది. తర్వాత కొత్త ప్రైమరు, తూకం వేసిన మందు, పైన కొత్త గుండు. ఇదంతా వీడియో కాల్లో చూసి మా మావయ్య, అంటే ఆ తూటాల వీరుడి కన్నతండ్రి, ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఓస్, పీఓహెచ్చేనా!"

మావయ్య రాయ్‌పూర్ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడ దాన్ని అందరూ డబ్ల్యూఆర్‌ఎస్ అంటారు. పేరు ఎప్పుడైనా విని ఉంటే, ఆ కాలనీ మైదానంలో దసరాకు తగలబెట్టే భారీ రావణుడి వల్లే విని ఉంటారు. గూడ్సు వ్యాగన్లు వంతులవారీగా వచ్చి, పీరియాడికల్ ఓవర్‌హాల్, అంటే పీఓహెచ్, చేయించుకుని పోయే చోటు అది. 1931లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవాళ్లు విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా లైను పూర్తిచేశాక, ఆ పట్టాల వెంట ఉద్యోగాలతో పాటు చింతపండూ గోంగూరా కూడా ఎక్కొచ్చాయి. మావయ్య మాటలో ఈనాటికీ శ్రీకాకుళం ఉంది. నాకు పిల్లనిచ్చి, మంచాన పడ్డ మిషను కనబడితే ఆగలేని తన జబ్బును కట్నంగా మా ఇంటికి పంపాడు. అత్తయ్య పోయాక జబ్బుతో పాటు తానూ మా ఇంట్లోనే ఉంటున్నాడు.

ఇంతకీ ఆ రోజు వీడియో కాల్ ఎందుకొచ్చిందంటే, బావమరిది ప్రెస్సు విరిగింది. అమెరికాలో వాడే ఇత్తడి గొట్టాలకు అడుగున నడిమధ్య ఒకే బెజ్జం ఉంటుంది. ప్రెస్సులోని పిన్ను అందులోంచి దూరి పాత ప్రైమరును నెడుతుంది. ఈ పద్ధతి బాక్సర్ అనే ఇంగ్లీషు సైనికాధికారిది. ఐరోపా వైపు నుంచి వచ్చే సరుకులో చాలావాటికి పక్కలకు జరిగిన రెండు బెజ్జాలుంటాయి. ఆ పద్ధతి కనిపెట్టిన బెర్డాన్ అమెరికావాడు. ఇద్దరూ 1860ల వాళ్లే. ఇంగ్లీషువాడిది అమెరికాలో, అమెరికావాడిది ఐరోపాలో స్థిరపడ్డాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత అట్లాంటిక్ దాటి కూడా చెల్లుతుందన్నమాట. మనవాడు ఏరుకొచ్చిన వాటిలో బెర్డాన్ గొట్టం ఒకటి కలిసిపోయింది. పిన్ను నడిమధ్యన ఇత్తడిని గుద్దుకుంది. మనవాడేమో రైల్వే ఫిట్టరు కొడుకు, బలంగా లాగాడు. పిన్నూ విరిగింది, పిడి కింది లింకూ పగిలింది.

ఫోటో తీసి కంపెనీకి మెయిలు పెట్టాడు. వాళ్లు అడ్రసు అడిగారు. పోస్టులో కొత్త లింకు, దానికి జతగా రెండు పిన్నులు వచ్చాయి. డబ్బు తీసుకోలేదు. తానే బిగించుకున్నాడు. అంతే.

"బిల్లు అడగనేదా?" అన్నాడు మావయ్య.

"లేదు నాన్నా."

"ఎలాగ ఇరిగిందీ అని?"

"అదీ అడగలేదు."

"ఎవుడ్నీ పంపనేదా సూడ్డానికి?"

"ఎందుకు నాన్నా, బిగించుకునేది నేనే కదా!"

మావయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన చూపు మాత్రం వంటగది మూలనున్న గ్రైండరు మీదికి పోయింది.

మాట వరసకు చెప్పాలంటే, ఆ వ్యాపారంలో ఇది వింతేం కాదు. డిల్లాన్ ప్రెసిషన్ అనే కంపెనీ సరదాకి చేసుకునేవాళ్ల యంత్రాలకు జీవితకాలం వారంటీ ఇస్తుంది. మీరు మొదటి యజమాని కాకపోయినా సరే, చేతులు మారి వచ్చినదైనా సరే. ఆర్‌సీబీఎస్ అనే ఇంకో పాత సంస్థ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గుండ్లకు కరువొస్తే, 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన రాక్‌చక్ అనే బొరియ జంతువుల వేట కోసం సొంతంగా గుండ్లు నొక్కే సాధనం చేసుకున్నాడు. కంపెనీ పేరులో మొదటి రెండక్షరాలూ ఆ జంతువువే. తూటా తప్పుగా నింపితే మొహం మీద పేలే పనిని మనిషి చేతికి వదిలినవాళ్లకు, ఒక లింకు బిగించే పని వదలడం లెక్కలోది కాదు కదా.

"ఒకటి ఇక్కడికి పంపమనరాదూ, ఇనుం బాగున్నాది" అన్నాడు మావయ్య. నేను హడలిపోయి ఫోను లాక్కున్నాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత, ఏడేళ్లకు తగ్గకుండా జైలు. పెరిగితే యావజ్జీవం. జీవితకాలం స్కీము మన దగ్గరా ఉంది, ఇచ్చేది సర్కారు. బిల్లూ స్టాంపూ లేవని ఆపరు. కాకపోతే వచ్చేది వారంటీ కాదు, వారంటు.

ఇక మా గ్రైండరు సంగతి. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒంపే గ్రైండరు అది. 1955లో అక్కడ సభాపతి అనే ఆయన కరెంటు రుబ్బురోలు తయారుచేశాక, ఆ ఊరు వెట్ గ్రైండర్లకు పెట్టింది పేరైంది, భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. రాయ్‌పూర్ వరి సీమే. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్ కా కటోరా అంటారు. అయితే ఇక్కడివాళ్లు చీలా వేసుకుంటారు, ఫరా ఉడికించుకుంటారు, వాటికి పిండి ఉంటే చాలు. మినప్పప్పు గంటసేపు రాళ్ల కింద నలగాలన్న పట్టుదల మాలాంటివాళ్లకే. అందుకని సర్వీసు కుర్రాళ్లకు మిక్సీ తెలుసు, వాటర్ ఫిల్టరు తెలుసు, ఒంపే గ్రైండరు అంతగా తెలీదు.

విరిగింది డ్రమ్మును ఒంచాక కదలకుండా పట్టే లాకు. చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క. అది లేకపోతే డ్రమ్ము తనకు తోచినప్పుడు ఒంగుతుంది. ఒకరోజు మా ఆవిడ రెండు చేతులా డ్రమ్మును కావలించుకుని పిండి తీస్తూ, ఫోనెత్తమని నన్ను మోచేత్తో ఆజ్ఞాపించింది.

వారంటీ కార్డు తీశాం. వర్తించనివి చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు, బెల్టు, రాళ్లు, రంగు వెలవడం, ఓల్టేజీ తేడాలు, కీటకాలు, ఎలుకలు. ఇవన్నీ పోగా మిగిలింది మోటారూ గ్రైండరు నీడా. ఆ రెంటికీ ఐదేళ్లు.

గ్రైండరు అడుగున ఒక స్క్రూ మీద వెండి రంగు స్టిక్కరు ఉంది. చిరిగితే వారంటీ రద్దు అని దాని మీద రాశారు. మావయ్యకు అసలు బాధ అదీ. జన్మంతా విరిగిన వ్యాగన్లను బాగుచేసిన మనిషి, రూపాయి బిళ్లంత కాగితానికి భయపడి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. అమెరికాలో ఇలాంటి స్టిక్కరు చెల్లదట. బయటి సామాను వాడారన్న సాకుతో వారంటీ ఎగ్గొట్టకూడదని 1975లోనే చట్టం చేశారు. 2018లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ బెదిరింపులు మానమని ఆరు కంపెనీలకు హెచ్చరిక ఉత్తరాలు రాసింది. మన దగ్గరా 2019 వినియోగదారుల చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. ఫోను చేయడానికి 1915 ఉంది. అదే చెప్పాను మావయ్యకు.

"సిటికినేలంత ముక్క కోసం కోర్టేటి బాబూ! సీనియర్ సెక్షన్ ఇంజినీరు నవ్వడూ?"

కంప్లైంటు రాయించాం. కుర్రాడు వచ్చాడు. పాపం మంచివాడే. తలుపు దగ్గరే "కా హోగే కకా?" అని పలకరించాడు. గ్రైండరును నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు, విరిగిన ముక్కను అరచేతిలో పెట్టి ఇంకోటి తీశాడు, యాప్‌లో ఎక్కించాడు. "యే తో ఫిజికల్ డ్యామేజ్ హై అంకల్‌జీ" అన్నాడు. విరగడం అనేది ఫిజికల్‌గా కాక మానసికంగా ఎలా జరుగుతుందని మావయ్య తన రైల్వే హిందీలో అడిగాడు. కుర్రాడు ఆలోచించి, పైనుంచి అప్రూవల్ రావాలన్నాడు. వెళ్తూ వెళ్తూ హ్యాపీ కోడ్ చెప్పమన్నాడు. పని సంతృప్తిగా జరిగిందని మన ఫోనుకొచ్చే నాలుగంకెలు అవి. పనే జరగలేదు కదా అంటే, విజిట్ జరిగింది కదా అన్నాడు. చెప్పలేదు. అయినా సాయంత్రానికి కంప్లైంటు పరిష్కరించబడినదని మెసేజీ వచ్చింది.

ఆ మెసేజీ చూశాకే మావయ్య జేబులోంచి స్క్రూడ్రైవరు బయటికొచ్చింది. ఆయన చేసినచోట, పాడైన వ్యాగనును సిక్ అని రాసి పక్క లైన్లోకి తోస్తారు. ఆ లైను పేరే సిక్ లైన్. బాగుచేసి ఫిట్ అనేదాకా అది కదలదు. ఫోటో తీసి ఫిట్ రాయడం ఆయన సర్వీసులో చూడలేదు. ఓవర్‌హాల్ అయిన వ్యాగను ఒంటి మీద ఎప్పుడు చేశారో, ఏ వర్క్‌షాపులో చేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో రంగుతో రాసి మరీ పంపుతారు.

భన్‌పురిలో ఎరిగిన లేతు షాపు ఉంటే, విరిగిన ముక్కను పట్టుకెళ్లి ఇత్తడితో చేయించుకొచ్చాడు. విరిగినచోట రెండు నూళ్లు మందం పెంచాడు, కొస గుండ్రం చేశాడు. స్టిక్కరును గోటితో పీకి, నలగకుండా వారంటీ కార్డుకే అంటించాడు. లాకు బిగించి, డ్రమ్ము నిండా నీళ్లు పోసి, పదే పదే ఒంచి చూశాడు. కదల్లేదు. అప్పుడు అట్టముక్కలో అక్షరాలు కోసి, తెల్లరంగుతో గ్రైండరు పొట్ట మీద పీఓహెచ్ తేదీ, దాని కింద డబ్ల్యూఆర్‌ఎస్ అనీ కొట్టాడు. డ్రాయింగు రూములోకి కనబడుతోందని మా ఆవిడ గోల.

అప్రూవల్ వచ్చింది. కుర్రాడు కవరులో కొత్త ప్లాస్టిక్ ముక్కతో దిగాడు. గ్రైండరు మీది రాతలు చదివాడు, వంగి లాకు చూశాడు, వేలితో నొక్కాడు, లాగాడు. కంపెనీది కాని సామాను పడింది కాబట్టి వారంటీ ఖతం అని చెప్పడం తన డ్యూటీ అన్నాడు. చెప్పేశాడు. తర్వాత వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"అంకల్‌జీ, ఇలాంటివి ఇంకో నాలుగు చేయించి పెడతారా? ఇదే మోడలు, ఇదే చోట విరిగినవి, ఖమ్తరాయిలో పెండింగున్నాయి."

మావయ్య కళ్లజోడు సర్దుకున్నాడు.

"కరేంగే. పహలే హ్యాపీ కోడ్ బతావ్."