ఫస్ట్ ఫ్లోర్ బండి

రోహిణి కార్తెలో కూడా బెజవాడలో మంచు కురుస్తుందని నాకు ఈ ఏడాదే తెలిసింది. పటమటలో ఒకాయన మోటారుసైకిలు స్టార్టు చేశాడు. సైలెన్సరులోంచి నీలం పొగ బయల్దేరి, ఎదురింటి వాళ్ళు ఆరేసిన దుప్పట్లు దాటి, కొబ్బరిచెట్టు దాకా వెళ్ళింది. ఇదేమిటండీ అన్నాను. "మంచు సార్. పొద్దున్నపూట ఉంటుంది" అన్నాడు. టైము పదకొండున్నర. కాకులు నీడకి చేరి నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

నీలం పొగంటే పెట్రోలుతోపాటు ఇంజనాయిలు కూడా మండుతోందని, రింగులు అరిగాయని, బోరు చేయించాల్సి వస్తుందని నేను యూట్యూబులో చూసి వెళ్ళాను. ఆయన చూసినట్టు లేదు. అందుకే అంత ధైర్యంగా ఉన్నాడు.

ఈ వయసులో మొదటి బండేమిటని అడక్కండి. ఆఫీసు ఆటోనగర్‌కి మార్చారు, సిటీ బస్సు దారి మార్చలేదు. అంతే. నడపడం వచ్చు. నాన్న బండి, అన్నయ్య బండి, పక్కింటాయన బండి నడిపే ఇంతకాలం నెట్టుకొచ్చాను. కొనడం రాదు. నడపడానికి పరీక్ష పెట్టి లైసెన్సిచ్చే ప్రభుత్వం కొనడానికి కూడా ఒక పరీక్ష పెడితే బాగుండేది. నాలాంటివాళ్ళం అక్కడే ఫెయిలై హాయిగా ఇంటికొచ్చేవాళ్ళం.

అసలు విజయవాడలో 23 వేల కిలోమీటర్లు దాటిన సెకండ్ హ్యాండ్ బండి లేదు. 2012 మోడలుకీ అంతే, 2019 మోడలుకీ అంతే. కేటరింగు కుర్రాళ్ళు సాంబారు గిన్నెలు మోసిన బండికీ అంతే, రిటైరైన హెడ్మాస్టరు గారు రైతుబజారుకి తప్ప ఎక్కడికీ తీయని బండికీ అంతే. 23 వేలు రాగానే అన్నీ మొక్కున్నట్టు ఆగిపోతాయి. దాని కిటుకు మా బావమరిది చెప్పాడు. ఈ పాత బండ్లకి ముందు చక్రం నుంచి మీటరుకి ఒక కేబులు వెళ్తుంది. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. దాన్ని ఊడదీస్తే బండి కాశీ వెళ్ళొచ్చినా మీటరు బెంజి సర్కిలు దాటదు.

టైర్ల కథ ఇంకోటి. "మొన్ననే వేయించాను గురువుగారూ, బ్రాండ్ న్యూ" అన్నాడొకాయన. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఫోను లైటు వేసి, గోటితో మట్టి గోకి చదివాను. 1116. అంటే 2016లో పదకొండో వారం. మొన్ననే అన్నారే అన్నాను. "వేయించింది మొన్ననే సార్. అది పుట్టిందెప్పుడో నాకేం తెలుసు?" న్యాయమే.

ఇంకొకాయన 2017 మోడలు ట్యాంకు మీద హీరో హోండా స్టిక్కరు చూపించి ఇంజను జపాన్‌దని ఒట్టేశాడు. ఆ రెండు కంపెనీలూ విడిపోతున్నామని చెప్పుకున్నది 2010 డిసెంబరులో. విడాకులైన ఏడేళ్ళకి పుట్టిన బిడ్డన్నమాట.

కాగితాల జోలికి పోతే అదో రోజు. "సింగిల్ హ్యాండ్ బండి సార్" అంటాడు. సీబుక్కు మీద పేరు తెనాలి ఆయనది. మీరెవరండీ అంటే, తెనాలి ఆయన దగ్గర గుడివాడ ఆయన కొన్నాడు, ఆయన దగ్గర వీళ్ళ తోడల్లుడు తీసుకున్నాడు, ఈయన ఊరికే అమ్మిపెడుతున్నాడు. మరి సింగిల్ హ్యాండ్? "కాగితం మీద ఒక్క పేరే కదా సార్." 29, 30 నంబరు ఫారాల మీద తెనాలి సంతకాలు సిద్ధంగా ఉన్నాయి. బండి అమ్మినాయన పద్నాలుగు రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలియజేయాలని చట్టం. ఈ బండి విషయంలో ఆ పద్నాలుగు రోజులూ కొన్నేళ్ళ కిందట మొదలై ఇంకా నడుస్తున్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంజను సౌండు ఒక ఎత్తు. ఎవరి దగ్గరికెళ్ళినా స్టార్టు చేసి, ఒకసారి రైజు చేసి, మన మొహంలోకి చూస్తూ "సౌండు వినండి సార్" అంటారు. వింటాను. నాకు ఇంజను సౌండే వినిపిస్తుంది. బాగుందనాలో పెదవి విరవాలో తెలియక, రెంటికీ పనికొచ్చేట్టు తలూపుతాను.

ఆ తలూపుడు చూసి నేను మోసపోతానని మా ఆవిడ తమ్ముణ్ణి తోడిచ్చింది. వాడు ట్యాంకు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, తల ఎడమవైపు వాల్చి వింటాడు. టకటకమంటే ట్యాపెట్లట. కటకటమంటే టైమింగ్ చైను. గరగరమంటే బేరింగు. లొడలొడమంటే సైలెన్సరు లోపల ఏదో ఊడింది. కిర్రుమంటే బ్రేకు లైనర్లు. ఇవేవీ లేకుండా మెత్తగా పలికితే మరీ ప్రమాదం, చిక్కటి ఆయిలు పోసి నోరు నొక్కేశారని అర్థం. "అంటే చప్పుడున్నా తప్పే, లేకపోయినా తప్పేనా?" అన్నాను. "అదే బావా అనుభవమంటే" అన్నాడు.

వాడి అనుభవం మీద నమ్మకం చాలక ఆటోనగర్‌లో ఒక మెకానిక్‌ని పిలిపించాను. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను కవరుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విన్నాడు. మీవాడు కటకట అన్నది కటకట కాదు, టకటక అని తేల్చాడు. టకటకైతే నూట యాభైతో పోతుంది, కటకటైతే వేలల్లో మాట. కాబట్టి ఇద్దరూ పంతానికి పోయారు. నడిరోడ్డు మీద టకటక, కటకట అని అరుచుకుంటుంటే టీకొట్టు దగ్గర జనం మూగారు. అందులో ఒక పెద్దాయన గరగర అన్నాడు. ఆయన లారీ ఫీల్డట, అందుకని ఇంకో ఇద్దరు గరగర పక్షానికి మారారు. పెట్రోలు దండగని బండాయన ఇంజను ఎప్పుడో ఆపేశాడు. వీళ్ళింకా వింటూనే ఉన్నారు.

ఆ జబ్బు నాకూ అంటుకుంది. మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నాను. "టైమింగ్ చైను పోయింది" అన్నాను. మిక్సీకి చైనుండదని మా ఆవిడ చెప్పింది. ఫ్యాను టకటక. ఫ్రిజ్జు గరగర. మెట్లెక్కుతుంటే నా ఎడమ మోకాలు నిస్సందేహంగా కటకట. నేను సింగిల్ హ్యాండే. యాక్సిడెంటు లేదు, ఇంజను విప్పింది లేదు, ఆ మాటకొస్తే జీవితంలో 23 వేలు కూడా తిరిగుండను. అయినా ఈ మోకాలితో నన్నెవరైనా బేరానికొస్తే మా బావమరిదే మొదట అడ్డం పడతాడు.

నీళ్ళ సంగతి వేరు. మిగతా ఊళ్ళవాళ్ళకి ఈ బెంగ ఇంతగా ఉండదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. తరవాత పరిహారం ప్రకటించినప్పుడు టూవీలరుకి 3,000 అని ప్రభుత్వం విడిగా ఒక లెక్కే పెట్టాల్సొచ్చింది. మరి ఆ మునిగిన బండ్లన్నీ ఏమయ్యాయి? మాకు చూపించినవాళ్ళ మాట నమ్మితే ఒక్కటీ మునగలేదు.

"మేం ఫస్ట్ ఫ్లోర్ సార్."

"మీరు సరే. బండి?"

బండి ఫ్లైఓవరు మీద పెట్టారట. కొందరు నిజంగానే పెట్టి కాపాడుకున్నారు. కాని పెట్టామని నాకు చెప్పినవాళ్ళందరూ పెట్టుంటే సింగ్‌నగర్ ఫ్లైఓవరు మీద ఇంకో ఫ్లైఓవరు కట్టాల్సొచ్చేది. ఒకాయన బండిని లిఫ్టులో ఎక్కించానన్నాడు. ఆయనున్నది రేకుల ఇల్లు.

నీళ్ళు తాగిన బండి పోలికలు తెలుసుకుని వెళ్తే మంచిది. సీటు లేపి వైర్ల సాకెట్లు ఊడదీస్తే లోపలి రాగి మీద పచ్చగా చిలుము పట్టుంటుంది. ఎయిర్ ఫిల్టరు డబ్బా అడుగున మెత్తటి ఒండ్రు. మీటరు అద్దం వెనక చెమట. కొత్త పెయింటు మెరుస్తున్నా స్క్రూల తలకాయలు తుప్పెక్కుంటాయి. అన్నిటికన్నా హెడ్‌లైటు విప్పి లోపల చూడాలి. అక్కడిదాకా ఎవరూ కడగరు.

పాయకాపురంలో ఒకాయన దగ్గర ఆ శ్రమ లేకపోయింది. ఇళ్ళకి రంగులేసే పని ఆయనది. మేం వెళ్ళేసరికి స్క్రూడ్రైవరు తెచ్చి, తనే హెడ్‌లైటు విప్పి, లోపల గోధుమరంగు గీత మీద వేలు పెట్టాడు. "ఇక్కడిదాకా వచ్చిందండీ. నాలుగు రోజులు అట్లాగే ఉంది. తీశాక ఇంజను విప్పించాను. ఆయిలు మార్చాం, మళ్ళీ మార్చాం. వైరింగు మొత్తం కొత్తదే. బిల్లులు ఇవిగో." మీటరు చూశాను. 61 వేల చిల్లర. ఇది నిజమేనా అని అడిగాను, అలవాటు కొద్దీ. "నేను తిరిగిన తిరుగుడేనండీ" అన్నాడు. ధర 32 వేలు. బండి వెనక కడ్డీ అడుగున ఆకాశనీలం ఎనామిల్ చుక్క ఒకటి ఎండి గట్టిపడి ఉంది.

మా బావమరిది కళ్ళు మూసుకుని విన్నాడు. "కటకట బావా. నీళ్ళు తాగిన ఇంజను, ఇంక బాగుపడదు" అని నా చెవిలో అన్నాడు. ఇంట్లో అడిగి ఫోను చేస్తామని చెప్పాం. "ఇందాక వచ్చినవాళ్ళూ అట్లాగే అన్నారండీ" అని ఆయన మళ్ళీ హెడ్‌లైటు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

ఒక్కడూ నిజం చెప్పడేమని ఊళ్ళోవాళ్ళందరినీ తిట్టుకుంటూ తిరిగాం. చెప్పే మనిషి దొరికితే, ఆయన చెప్పిన ఒక్కో నిజానికీ మనసులో వెయ్యి, రెండు వేలు కోసుకుంటూ పోయాం. చివరికి అక్కడ అబద్ధమాడింది మేమే. ఇంట్లో అడగడానికేముంది, మా ఆవిడకి బండి రంగు తప్ప ఏదీ అక్కర్లేదు. హెడ్‌లైటు దాకా వచ్చిన నీళ్ళు ఆ ఇంట్లో మంచం కోళ్ళ దగ్గర ఆగవు గదా. లోపల ఏమేం పోయాయని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. గీత ఎంత ఎత్తుందో వేలితో కొలుచుకుని వచ్చాం.

తరవాత మనసు మారి నేనే ఫోను చేశాను. "ఇచ్చేశానండీ. షాపు వాళ్ళు తీసుకెళ్ళారు, ఇరవై ఆరుకి" అన్నాడు.

నిన్న సాయంత్రం ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల షాపుకెళ్ళాం. ట్యాంకుకి కొత్త స్టిక్కరు, సీటుకి కొత్త కవరు, హ్యాండిలుకి ఎర్ర దారంతో నిమ్మకాయ, మిరపకాయలు. చక్రాలకి నల్లటి పాలిష్ కారుతోంది. 43 వేలు, ఫైనల్. హెడ్‌లైటు విప్పమన్నాను. లోపల అద్దంలా మెరుస్తోంది. వెనక కడ్డీ కింద చెయ్యి పెట్టి తడిమాను. వేలికి గరుకుగా తగిలింది. వంగి చూశాను, ఆకాశనీలం.

"వరదలో మునిగిందా?" అన్నాను.

"అబ్బే, చుక్క తగల్లేదు సార్. పార్టీది ఫస్ట్ ఫ్లోరు."

మీటరు చూశాను. చెప్పక్కర్లేదనుకుంటాను.

షాపు కుర్రాడు సెల్ఫు నొక్కాడు. మా బావమరిది ట్యాంకు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, తల ఎడమవైపు వాల్చి చాలాసేపు విన్నాడు. తరవాత కళ్ళు తెరిచి, "ఇదీ బావా, సౌండంటే!" అన్నాడు.