ఉంగరం పొదుపు

ఒకటో తేదీన జీతం పడుతుంది. పులివెందుల కుర్రోడు ఇంటద్దె, బైకు కిస్తీ, ఫోను కిస్తీ కట్టేసరికి ఐదో తేదీ. ‘‘మిగిలింది బంగారంలో పెట్టు నాయనా’’ అంటుంది జమ్మలమడుగులోని అమ్మ. బంగారమంటే ప్రొద్దుటూరే, ఊరికే రెండో బొంబాయి అన్నారా! ఏడాది కూడబెట్టి పోతే అక్కడ తరుగు, మజూరీ, ఆపైన 3 శాతం జీఎస్టీ. (అమ్మబోయినప్పుడు ఈ మూడింటినీ ఎవరూ తిరిగివ్వరు.) ఎలాగో రాళ్ల ఉంగరం వేలికెక్కింది. ఇరవయ్యో తేదీకల్లా కుదువకు పోయింది. రాళ్ల బరువు తీసేసి మరీ లెక్కగట్టారు. రెండు కిస్తీలకు తోడు ఇప్పుడు వడ్డీ. ఉంగరం బీరువాలో భద్రంగా ఉందని అమ్మకు చెప్పాడు. అబద్ధమేం కాదు, బీరువా బ్యాంకుది.