పెట్టె మనది, తాళం వాళ్ళది

టీవీలో వార్తలు చూడ్డానికి ఓటీపీ ఏమిటండీ? బ్యాంకులో అప్పు అడిగానా? కిందటేడు న్యూజెర్సీలో అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఇక్కడ నెలనెలా డబ్బు కడుతున్న ఛానెళ్ళే కదా అని ఫోన్లో యాప్ తెరిచాను. నంబరు అడిగింది, ఓటీపీ అడిగింది, అన్నీ పుచ్చుకుని చివరికి "మీరున్న ప్రాంతంలో ఇది లభ్యం కాదు" అంది. ప్రసార హక్కులు ఏ దేశానికి ఆ దేశం విడివిడిగా అమ్ముతారట. అమ్ముకోనీండి. తెనాలిలో నేను కట్టిన చందా నాతోపాటు విమానం ఎక్కకూడదా?

మా రోజుల్లో ఆకాశంలోంచి పడ్డది పట్టుకున్నవాడిదే. 1975 ఆగస్టు 1న 'సైట్' అని ఒకటి మొదలైంది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్ళకి నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. కోళ్ళగూటికి కొట్టే జాలీతో చేసిన పదడుగుల డిష్షు, ఒక టీవీ, దాని ముందు ఊరు ఊరంతా. ఏడాదికే అని ముందే చెప్పారు. చెప్పినట్టే 1976 జూలై ఆఖరున ఆపేసి ఉపగ్రహాన్ని తీసుకుపోయారు. జనం ఉసూరుమన్నారు గానీ ఎవర్నీ తిట్టుకోలేదు. తరవాత తొంభైల్లో కేబుల్ వాళ్ళు డాబాల మీద పెద్దపెద్ద డిష్షులు ఎత్తారు. 1995 ఆగస్టులో ఈటీవీ మొదలయ్యేనాటికి మా వీధిలో కరెంటు స్తంభాలకి కరెంటు తీగలకన్నా కేబుల్ వైర్లే ఎక్కువ. బొమ్మ రాకపోతే కేబుల్ కుర్రాడు సైకిలేసుకుని వచ్చేవాడు. మంచినీళ్ళు తాగి, వైరు కొస చాకుతో చెక్కి, బిగించి పోయేవాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటారు.

సరే, డీటీహెచ్ వచ్చింది. సెలవులకి వచ్చిన మావాడు అమెరికా నుంచి ఒక పెట్టె పట్టుకొచ్చాడు. సెట్‌టాప్ బాక్సు వెనకనుంచి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు లాగి దాంట్లో గుచ్చాడు. దాన్నుంచి ఒక వైరు ఇంటర్నెట్ మోడెంకి. ఇంకో సన్నటి వైరు చివర చొక్కా గుండీ అంత ముక్క ఉంటే, దాన్ని సెట్‌టాప్ బాక్సులో రిమోట్ అందుకునే చోట అతికించాడు. "ఇది నా రిమోట్ నాన్నా" అన్నాడు. మన టీవీలో వచ్చే బొమ్మనే ఆ పెట్టె కుదించి నెట్ మీదుగా పంపుతుంది. వాడు అక్కడ లాప్‌టాప్‌లో బటన్ నొక్కితే ఆ గుండీ ఇక్కడ కన్నుకొడుతుంది, ఛానెల్ మారుతుంది. వాడికే కాదు, నాకూ మారుతుంది!

వాడికి రాత్రి తొమ్మిదంటే మనకి పొద్దున ఆరున్నర, చలికాలమైతే ఏడున్నర. కాఫీ తాగుతూ రాశిఫలాలు వింటున్నాను. మేషం అయింది, వృషభం దగ్గరికొచ్చేసరికి టీవీ దానంతటదే సినిమాలోకి దూకింది. మా ఆవిడ "దీనికేదో గాలి సోకిందండీ" అంది. "గాలి కాదే, నీ కొడుకు" అన్నాను. నేను వెనక్కి తెచ్చాను, వాడు మళ్ళీ మార్చాడు. ఫోన్ మోగింది.

"నాన్నా, రోజంతా నీదేగా, ఈ గంటైనా వదులు."

"నా రాశి ఏమైందిరా?"

"ఏముంటుంది, సంతానంతో విభేదాలు."

ఆ బ్రాడ్‌బ్యాండ్ సంగతీ చెప్పాలి. ఫోన్ తీగ మీద వచ్చే నెట్టుకి కిందికి రావడంలో ఉన్న జోరు పైకి పోవడంలో ఉండదు. వాడి బొమ్మంతా ఆ పైకి పోయే సన్న దారినే పోవాలి. ఇక్కడ కరెంటు పోతే అక్కడ సినిమా పోయేది. చిన్న డిష్షు అందుకునే తరంగాలకి జోరువాన పడదు కనక తెనాలిలో కుంభవృష్టి కురిస్తే న్యూజెర్సీలో టీవీ ఆగేది. 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్సర్ కొట్టినప్పుడు మేం అరిచిన అరుపు ఫోన్లో వాడికి ముందు చేరింది, బంతి తరవాత చేరింది. ఇంతా చేసి, ఉన్నది ఒక్క కనెక్షను, ఒక్క చందా, సముద్రానికి అటూ ఇటూ ఒక్క ఇల్లు.

ఈ జాతి పెట్టెల్లో పేరు మోసింది స్లింగ్‌బాక్స్. బ్లేక్, జేసన్ క్రికోరియన్ అని అన్నదమ్ములు, ఊళ్ళు తిరుగుతుంటే తమ శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ ఆటలు తప్పిపోతున్నాయని దాన్ని చేశారు. 2005లో అమ్మకానికి వచ్చింది, 2007లో ఎకోస్టార్ కొనేసింది. 2020 నవంబరులో ఇక చెయ్యం అన్నారు, 2022 నవంబరు 9న సర్వర్లు ఆపేశారు. బొమ్మ బయల్దేరేది కొన్నవాడి ఇంట్లోంచే, చేరేది కొన్నవాడి ఫోన్‌కే. మధ్యలో దారి చూపేది మాత్రం కంపెనీ సర్వరు. అది ఆగేసరికి, ఏ వైరూ తెగకుండానే, పెట్టెలు అటక ఎక్కాయి. రెండేళ్ళ ముందే చెప్పాం కదా అంటారు. సైట్ వాళ్ళు టీవీ పెట్టకముందు చెప్పారు, వీళ్ళు డబ్బు పుచ్చుకున్న ఎన్నో ఏళ్ళకి చెప్పారు. నా గోలంతా ఆ తేడా గురించే.

మా అమ్మాయి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "తాతయ్యా, డీడీ ఫ్రీ డిష్‌కి నెలవారీ చందా లేదు. ట్యూనరొకటి కొని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించి, టీవీహెడెండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే సప్తగిరి నీ ఫోన్‌కీ, మామయ్య ఫోన్‌కీ మనింటి నుంచే పోతుంది. మధ్యలో ఏ కంపెనీ సర్వరూ ఉండదు" అన్నాడు. పైగా ట్యూనరు ఒకేసారి ఛానెళ్ళ గుత్తిని పట్టుకుంటుందట. ఆ గుత్తిలోంచి ఎవరికి కావలసింది వాళ్ళు చూడొచ్చు, ఒకరి ఛానెల్ ఇంకొకరికి మారదు.

సరే, పెట్టమన్నాను. నా షరతులు మాత్రం ముందే కాగితం మీద రాసి వాళ్ళ మామయ్యకి వాట్సాప్ చేశాను. నెట్ బిల్లు వాడు కట్టాలి. పొద్దున ఎనిమిదింటి దాకా ట్యూనరు జోలికి రాకూడదు. ఎవరి ఛానెల్ వాళ్ళదే కదా, మళ్ళీ ఈ రూలెందుకని అడిగాడు. ట్యూనరు నా ఇంట్లో ఉంది కనక.